గుహ తాళంచెవి

పెద్దత్తది ఊరుకునే నోరు కాదు. ఆ రోజు పురావస్తు శాఖ ఆఫీసరు చదివిన కాగితం వినేసరికి ఆవిడ చేతిలో చీపురు పక్కన పడేసింది. గుహలో బొమ్మలు చెమ్మకి రాలిపోతున్నాయట, వచ్చే నెల అడ్డంగా గోడ కట్టి శాశ్వతంగా మూసేస్తారట!

ఆ గుహ గోడ మీద ఎర్రమట్టితో అద్దిన అరచేతులు పెద్దత్తవాళ్ళ ముత్తాతలవి. కొండవాళ్ళ పిల్లలందరూ, గోడని తాకకుండా, ఆ గుర్తుల ఎదుట చెయ్యి చాపి తమకి సరిపోయేదేదో వెతుక్కున్నవాళ్ళే. తొమ్మిదేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు కంచె వేసి గేటుకి తాళం పెట్టారు. ఎనిమిదేళ్ళ మనవరాలు లోపల అడుగే పెట్టలేదు. పెద్దత్తకి మాత్రం కంచె బయట ఊడ్చే పని ఇచ్చారు. మహా ఘనకార్యం!

"సారూ, గుహ పక్కన రాతి పగులులో సిమెంటు కూరిందెవరు?" అంది పెద్దత్త.

"మేమేనమ్మా, నీళ్ళు రాకుండా," అన్నాడు ఆఫీసరు.

"అయ్యో రాత! కొండలో ఇంకిన నీళ్ళు బయటికి పోయే దారే అది. ఏటా వానలకి ముందు ఆకులూ మట్టీ తీసేవాళ్ళం. మీరు దారి మూసేస్తే నీళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటాయా? బొమ్మల వెనక్కి చేరాయి. మమ్మల్ని ఓ మాటడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

ఆఫీసరు తల గోక్కున్నాడు. "సరే, సిమెంటు తీయించండి. ఈ వానలకి గోడ పొడిగా ఉంటే మూసే మాటే లేదు."

"అది చాలదు. తాళంచెవి మాకివ్వాలి."

"ముందు పొడిగా ఉండనివ్వండి, పెద్దత్తా!"

మర్నాడే మరుదులూ కోడళ్ళూ ఉలులు పట్టుకుని వచ్చి సిమెంటంతా ఊడబెరికారు. వానలు రెండు నెలలు దంచికొట్టాయి. ఉరుము ఉరిమినప్పుడల్లా పెద్దత్త వెళ్ళి పగులు చూసొచ్చింది.

వానలు వెలిశాక ఆఫీసరు బొమ్మలు లేని చోట చెమ్మ కొలిచే మిషను ఆనించాడు. చూశాడు. మళ్ళీ చూశాడు.

"పొడి! పెద్దత్తా, ఒట్టి పొడి!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "పొడిగా ఉంటే ఇచ్చెయ్యమని పైవాళ్ళు ముందే ఒప్పుకున్నారు. ఇక పెత్తనం మీది, సాయం మాది."

మనవరాలు ఒక్క పరుగున లోపలికి దూరింది. చెయ్యి చాపుకుంటూ గోడ పొడవునా నడిచి, ఒక చోట ఆగింది. "నానమ్మా, ఇదే నాది!"

పెద్దత్త బొటబొటా కన్నీళ్ళు కార్చింది. ఎనిమిదేళ్ళప్పుడు ఆవిడకి సరిపోయిన చెయ్యీ అదే.

కళ్ళు తుడుచుకుని చూస్తే, ఆఫీసరు మూలన నిలబడి దొంగచాటుగా అరచెయ్యి ఎత్తుతున్నాడు.

"వెతుక్కోండి సారూ, సిగ్గెందుకు?" అంది పెద్దత్త, తాళంచెవి కొంగుకి ముడేసుకుంటూ. "తాకారో, బయటికి గెంటేస్తాను!"