మా నాన్న అచ్చులో పోసిన నల్ల ఎర

మా చేపల క్లబ్బులో ఎవరు ఎవరి బోటెక్కాలో కాఫీ డబ్బాలో చీటీలు వేసి తీస్తారు. ఆ శనివారం నా చీటీ రాయ్స్ చీటీతో కలిసి వచ్చింది. విడాకులిచ్చిన మొగుడితో పొద్దస్తమానం ఒకే బోటులో అన్నమాట. డబ్బా పట్టుకున్న హార్లన్ ముసలాయన నా మొహం చూసి, "మళ్ళీ తియ్యనా నెల్డమ్మా?" అన్నాడు. వద్దన్నాను. తియ్యమంటే నేను భయపడి తప్పుకున్నానని ఆ వెధవ ఊరంతా చాటుతాడు.

నా కడుపుమంట విడాకుల గురించి కాదు, అచ్చు గురించి. మా నాన్న ఓడెల్ తన చేత్తో ప్లాస్టర్‌తో చేసుకున్న అచ్చు అది. అందులో ప్లాస్టిక్ కరిగించి పోస్తే జానెడు వానపాములాంటి ఎర వచ్చేది. నీళ్ళలో దాని తోక ప్రాణమున్నట్టే ఆడేది. కొట్లో దొరికే ఎరలేవీ దాని కాలిగోటికి చాలవు. నాన్న పోయాక, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, "మామగారు నాకే ఇచ్చారు" అంటూ రాయ్స్ దాన్ని పట్టుకుపోయాడు. నా దగ్గర ఆ అచ్చులో పోసిన నల్లవి మూడే మిగిలాయి.

రేవులో అందరూ వింటుండగా రాయ్స్‌ని అడిగాను. "ఇవాళ నీ చేపకంటే బరువైంది తెస్తే అచ్చు నాకిచ్చేస్తావా?"

"ఇచ్చేస్తా. తేకపోతే?"

"జన్మలో దాని ఊసెత్తను."

"అయితే నా చెవులకి రేపట్నించి సెలవే" అన్నాడు. జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

బోటు రాయ్స్‌ది, నడిపేవాడిదే ముందు సీటు. నీళ్ళలో మునిగిన ప్రతి చెట్టు మోడు దగ్గరా వాడే ముందు గాలం వేసి, నాకు మళ్ళీ దొరక్కుండా బోటు తిప్పేవాడు. వెనకాల కూర్చున్న నాకు మిగిలినవి ఎంగిలి నీళ్ళు.

కాసేపటికి వాడు ఎరల పెట్టె తెరిచి బిగుసుకుపోయాడు. తొంగిచూశాను. నాన్న అచ్చులో పోసినవాటినీ, కొట్లో కొన్న కొత్తరకం సాగుడు ఎరలనీ ఒకేచోట కుక్కాడు. ఆ రెండు ప్లాస్టిక్కులకీ పడదు, ఒకదాన్నొకటి కరిగించుకుంటాయి. పెట్టె నిండా నల్లటి బంక తప్ప ఏమీ లేదు.

"రెండు రకాలు ఒక పెట్టెలో పెట్టొద్దని నాన్న మొత్తుకునేవాడుగా" అన్నాను.

"నీతో కాపురం చేశాక తెలిసింది ఆయన ఎందుకన్నాడో. నీ దగ్గర నల్లవున్నాయిగా, ఒకటి ఇలా పడెయ్."

"అచ్చు నీ దగ్గరేగా ఉంది. పోసుకో."

వాడు కొట్టు ప్యాకెట్టు చించి పచ్చది తగిలించాడు. ముందురోజు వానకి నీళ్ళు చిక్కటి కాఫీలా ఉన్నాయి. అలాంటి నీళ్ళలో చేప రంగు చూడదు, ఆకారం చూస్తుంది. దానికి నలుపే కావాలి. అయినా అదృష్టం గుడ్డిది, వాడికి ఒక మంచి బాస్ చేప పడింది. దాన్ని నా మొహం ముందు ఊపి మరీ బోటులోని నీళ్ళ తొట్లో వేశాడు.

నా మొదటి ఎర దారం తెగి మోడుకే అంకితమైపోయింది. రెండోదాని తోకని చిల్లర చేపలు కొరికేశాయి.

మూడోది జాగ్రత్తగా గుచ్చాను. కొక్కెం మొనని ఎర తలలోకి దించి, కాస్త కిందగా పక్కకి తీసి, తిప్పి, మళ్ళీ దాని ఒంట్లోనే దాచాను. మొన దాగితేనే కొమ్మలకి తగులుకోదు. ఎర నిటారుగా ఉండాలి. వంకరపోతే నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది, చేప దాని మొహం కూడా చూడదు. రాయ్స్ వదిలేసిన మోడు పక్కనే వేసి, అడుగున మెల్లగా ఈడ్చాను.

టక్కుమని దారాన్ని ఏదో తట్టింది. గాలం కర్ర వంచి, వదులుగా ఉన్న దారం చుట్టుకుని, బలమంతా పెట్టి పైకి లాగాను. అది పైకెగిరినప్పుడు రాయ్స్ కూడా చూశాడు. వాడి చేపకంటే పెద్దది.

మా క్లబ్బులో పగవాడైనా సరే, పక్కవాడి చేప బోటు దాకా వస్తే వల పట్టాలి. వల వాడి కాళ్ళ దగ్గరే ఉంది.

"వల పట్టు."

"ఆగు, నా దారం చిక్కుపడింది" అని కూర్చుని దారం విప్పుతూ ఉండిపోయాడు.

ఛీ అనుకుని మోకాళ్ళ మీద కూలబడి, చేప కింది దవడలో బొటనవేలు దూర్చి బోటులోకి లాక్కున్నాను. కొక్కేనికి ఎర తల చీలిపోయింది. దాన్ని జేబులో వేసుకున్నాను.

రేవులో కాటా నా చేపే బరువంది. వల సంగతి కూడా చెప్పాను. హార్లన్ రాయ్స్ వైపు చూడకుండానే, "వెళ్ళి అచ్చు ఇచ్చెయ్యరా. వచ్చే నెల చీటీల్లో నీ పేరుండదు" అన్నాడు. వాడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

వాడి ట్రక్కు వెనకే వాడింటికి వెళ్ళాను. షెడ్డులోంచి చెప్పుల పెట్టె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూత తీస్తే లోపలున్నవి ప్లాస్టర్ ముక్కలు.

"కడిగి, తడి ఆరకముందే వేడి ప్లాస్టిక్ పోశా. పగిలిపోయింది. పోయిన చలికాలమే."

"మరి పొద్దున పందెమెందుకు కాశావు?"

"గెలుస్తాననుకున్నా."

వాడిని ఏమేం తిట్టానో రాయలేను. మా నాన్న వింటే నా నోరు సబ్బుతో కడిగేవాడు. లేని అచ్చు కోసం ఉన్న మూడు ఎరలూ తగలేసుకున్నాను. నా ట్రక్కులో కూర్చుని ఏడ్చాను, కోపంతోనే.

తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెడితే తల చీలిన ఎర తగిలింది.

ఇంటికెళ్ళి ప్లాస్టర్ కలిపాను. ఎరని అందులో అదిమి, పూర్తిగా ఆరేదాకా దాని జోలికి పోలేదు. ఇప్పుడు నేను పోసే ప్రతి ఎర తలమీదా ఆ చీలిక దిగుతుంది. చేపలకి అభ్యంతరం లేదు. తోక మాత్రం అచ్చం నాన్నదే.

మొన్న రాయ్స్ హార్లన్ చేత కబురంపాడు, గుప్పెడు ఎరలిమ్మని. పగిలిన పాత అచ్చు ముక్కల్లోంచి నాన్న బొటనవేలి గుర్తున్నదొకటి తీసుకుని, మిగతావి అదే చెప్పుల పెట్టెలో పెట్టి పంపాను.

"ఏమని చెప్పమంటావు?" అన్నాడు హార్లన్.

"అచ్చు పంపానని చెప్పు. పోసుకోమను."