వంటింటి స్పీకరు

మామయ్య రిమోట్ అందించగానే దాన్ని చేత్తో పట్టుకోవాలా, పట్టకారు తెప్పించుకోవాలా అని ఇంజనీరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. బటన్ల మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. సందుల్లో నల్లటి జిడ్డు పేరుకుని గట్టిపడింది. సౌండు పెంచే బటన్ బొటనవేలి రాపిడికి అరిగి అరిగి అద్దంలా మెరుస్తోంది. తగ్గించే బటన్ మాత్రం నిన్న షాపులోంచి తెచ్చినట్టుంది.

ఇంజనీరమ్మ అన్న పేరు కూడా మామయ్య పెట్టిందే. ఎలక్ట్రానిక్స్ చదివిన పాపానికి బంధువుల ఇళ్లలో రౌటర్ నుంచి మిక్సీ దాకా ఏది ఆగినా ఆమెకే ఫోను. ఈసారి ఆగిందేమీ లేదు, ఇంకా మోగాలట. హాల్లో పెద్ద టీవీ, దానికి సినిమా హాలు మోత. పడగ్గదిలో రెండు స్పీకర్లు, వరండాలో ఒకటి, బాత్రూమ్‌లో ఒకటి. అన్నీ మామయ్య ఫోన్లోంచే నడవాలి. బడ్జెట్ అరవై వేలు. పైన ఒక్క రూపాయి కూడా పెట్టడు.

"బాత్రూమ్‌లో ఎందుకు మామయ్యా?" అని పోయిన వారమే అడిగింది.

"వార్తల మధ్యలో లేవాల్సొస్తుంది కదమ్మా. సగం మిస్సవుతున్నా."

ఆ సగం ఎంతసేపుంటుందో ఆమె అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం.

అప్పుడే గళ్ల కాగితం మీద ఇంటి ప్లాను గీసుకుంది. ఈ పనిలో మొదటి సూత్రం, ముందు మనిషి, ఆ తర్వాతే స్పీకరు. ఎవరు ఎక్కడ కూర్చుని వింటారో అక్కడ ఇంటూ గుర్తు పెట్టాలి. మామయ్య గుర్తు సులువు. సోఫా ఎడమ చివర ఆయన ఆకారంలో గొయ్యి పడి ఉంది.

"అత్తయ్య ఎక్కడ కూర్చుంటుంది?"

"మీ అత్తయ్యా?" మామయ్య హాలంతా ఒకసారి కలయజూశాడు, ఆవిడ ఎక్కడైనా పడిపోయి ఉందేమో అన్నట్టు. "ఎక్కడా కూర్చోదే. అటూ ఇటూ తిరుగుతుంటుంది."

ఇంజనీరమ్మకి ఒళ్ళు మండింది. అత్తయ్య అంటే నాన్నకి సొంత చెల్లెలు. చిన్నప్పుడు తనకి జడలు వేసిన మనిషి. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత ఇంటి ప్లానులో ఆవిడకో ఇంటూ గుర్తు కూడా లేదు. "వంటింట్లో స్పీకరు పెడితేనే నేనీ పని చేస్తా" అని మొండికేసింది. వంటింటికి డబ్బు దండగ అని మామయ్య అరగంట వాదించాడు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"అవునూ, అందులోంచి నేను మాట్లాడొచ్చా?"

"అంటే?"

"ఇక్కడ కూర్చుని ఫోన్ నొక్కి ‘టీ’ అంటే అక్కడ వినపడుతుందా?"

"పడుతుంది" అనేసింది. బుర్ర పని చేసేలోపు చదువు నోరు జారింది.

"అయితే అదే ముందు పెట్టు! గొంతు చించుకోలేక చస్తున్నా."

పండు కొరికాక లోపల సగం పురుగు కనిపించినట్టయింది. పోనీలే, పాటలైనా వింటుంది కదా అని సర్దిచెప్పుకుంది. సంగతి చెబితే అత్తయ్య "ఊఁ" అని ఊరుకుంది. మొహమాటం కాబోలు అనుకుంది.

ఇవాళ వూఫర్ పరీక్ష. వూఫర్ అంటే బాస్, అంటే గుండెల్లో దడదడమనే లోతు మోత, పుట్టించే చెక్క డబ్బా. షాపువాడు ఒక్కరోజుకి అరువిచ్చాడు. దానికి చోటు వెతికే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. డబ్బాని మనిషి కూర్చునే చోట పెట్టి, పాట వేసి, మనిషి నేల మీద పాకాలి. పాకుతూ ఎక్కడ మోత బాగా వినపడితే తర్వాత డబ్బాని అక్కడ పెట్టాలి. అంటే ఇప్పుడు సోఫా గోతిలో డబ్బా కూర్చుంది. దాని ఎదురుగా కుర్చీలో మామయ్య కూర్చున్నాడు. ఇంజనీరమ్మ నేల మీద ఉంది.

సోఫా కింద ఒక లోకం ఉంది.

పల్లీల పొట్టు, పొరలు పొరలుగా. ఒక మేజోడు, నిలబెడితే నిలబడేలా బిగుసుకుపోయింది. కాలిగోళ్ళ ముక్కలు, ఏది ఏ వేలిదో చెప్పగలిగేంత పెద్దవి. సగం చప్పరించిన దగ్గు బిళ్ల, దానికి మీసంలా వెంట్రుకలు. చెయ్యి వెయ్యకూడదనుకుంటూనే దాని మీదే వేసింది. అది అరచేతికి అంటుకుని ఊడిరానంది.

"ఇంకొంచెం కిందికి వంగు" అన్నాడు మామయ్య పైనుంచి, పాదాలు ఆమె ముక్కు దగ్గర ఊపుతూ. "చెవి నేలకి ఆనించు."

"ఇక్కడ ఎప్పుడు ఊడ్చారు మామయ్యా?"

"మీ అత్తయ్యకి ఈమధ్య ఒళ్ళు వంగట్లేదమ్మా" అంటూ చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పి, తీసి, చూసుకుని, ఆ వేలినే కుర్చీ చేతికి రాశాడు.

ఆమె మోకాళ్ల మీద పాకుతూ మోత బాగున్న మూడు చోట్ల సుద్దముక్కతో గుర్తులు పెట్టింది. ఒకటి టీవీ పక్కన, ఒకటి వంటింటి గోడకి, ఒకటి బాత్రూమ్ తలుపు పక్క మూలన. చెయ్యి కడుక్కోకపోతే ఇక బతకలేననిపించి లేచి వంటింటి తలుపు తోసింది. తలుపు సులువుగా రాలేదు, కింద ఏదో మెత్తగా అడ్డుపడుతోంది. గట్టిగా తోసి లోపలికి వెళ్లింది. అత్తయ్య వెంటనే తలుపు మూసి, కిందున్న పాత తువ్వాలు చుట్టని కాలితో సందులోకి నెట్టింది. చూడకుండానే నెట్టింది, చెప్పులు విడిచినంత అలవాటుగా.

హాల్లో పాట తెగిపోయినట్టు ఆగింది.

ఆగలేదు, ఇక్కడికి రావడం మానేసింది; గోడలోంచి సన్నటి దడ ఒక్కటే మిగిలింది. ఇంజనీరమ్మ చెయ్యి కడుక్కుంటూ తలుపు వైపు తిరిగి చూసింది. అంచు చుట్టూ సైకిల్ ట్యూబు కోసి అతికించిన రబ్బరు పట్టీలు. కిటికీకి దళసరి పరదా. ఇలా చప్పుడు ఆపడం మీద కాలేజీలో ఒక సబ్జెక్టే ఉంది. ఆమెకి అందులో అత్తెసరు మార్కులొచ్చాయి.

"ఇదంతా ఏంటత్తయ్యా?"

"బొద్దింకల కోసం."

గట్టు మీద గిన్నెలు మొహం చూసుకునేలా ఉన్నాయి. సింకులో ఒక్క ఎంగిలి మెతుకు లేదు. "ఇక్కడ బొద్దింకలెక్కడివి?"

"హాల్లోంచి వస్తాయి."

ఆ మాట అన్నప్పుడు అత్తయ్య నవ్వలేదు. తలుపు వెనక చిన్న పీట, దాని మీద నలిగిన దిండు కనిపించాయి. దిండులో కూడా ఒక గొయ్యి ఉంది. అత్తయ్య వెళ్లి అందులో సరిగ్గా సర్దుకుని కూర్చుంది.

"ఇక్కడ కూర్చుని ఏం వింటావు?"

"ఏమీ వినను. అందుకే కూర్చుంటా."

ఇంజనీరమ్మ తడి చెయ్యి తుడుచుకోవడం ఆపేసింది. అత్తయ్యే మళ్లీ అంది: "నువ్వు ప్రేమతోనే పోట్లాడావే అమ్మలూ. అందుకే నోరెత్తలేకపోయా. కానీ ఆ డబ్బా ఇక్కడ పెట్టకు. ఇప్పుడు నన్ను టీ అడగాలంటే ఆయన సోఫాలోంచి లేచి పద్నాలుగు అడుగులు నడవాలి. సగంసార్లు బద్ధకమేసి మానేస్తాడు. ఆ సగమే నాది."

"సోఫా కింద..."

"మూడేళ్లైంది ఊడ్చడం మానేసి. చూస్తాడేమోనని."

"చూశాడా?"

"నువ్వు చూశావుగా."

ఇంతసేపూ గోళ్ళ మీదా దగ్గు బిళ్ల మీదా ఖర్చుపెట్టిన అసహ్యమంతా వెనక్కి తిరిగి ఇంజనీరమ్మ మీదికే వచ్చింది. ఆవిడ ఎక్కడ కూర్చుంటుందో తను కూడా మామయ్యనే అడిగింది. అడగాల్సిన మనిషి గోడకి అవతలే ఉంది. పైగా వంటింట్లోకి ఆయన గొంతుకి దారి తెరిచింది కూడా తనే.

హాల్లోకి వచ్చింది.

"మామయ్యా, ఒక చిక్కొచ్చింది. ఈ హాలుకి ఈ డబ్బా చిన్నది. దీని పైసైజు తీసుకుంటే అదిరిపోతుంది. కానీ అరవైలో రావాలంటే ఒక గది వదులుకోవాలి."

అది అబద్ధమేమీ కాదు. నిజంలో తనకి పనికొచ్చే ముక్క.

"వరండా తీసెయ్."

"దానికయ్యేది తక్కువ. సరిపోదు."

"బాత్రూమ్..." అని మామయ్యే ఆగిపోయాడు, సొంత బిడ్డని ఇచ్చేయమన్నట్టు మొహం పెట్టి. "ఉహుఁ. అది ఉండాల్సిందే."

ఆమె గళ్ల కాగితం వైపు చూస్తూ నిలబడింది.

"వంటిల్లు తీసేస్తే సరిపోతుందా? మరి నా టీ?" నాలుకతో పంటి సందులో పల్లీ ముక్కని కెలుకుతూ ఆలోచించాడు. "పెద్దదైతే ఎంత మోత?"

"కిటికీ అద్దాలు అదురుతాయి."

"అయితే వంటిల్లు కొట్టెయ్. ఆవిడకి పాటలెందుకులే, వినే మనిషి కాదు."

పెన్సిల్‌తో వంటింటి స్పీకరుని కొట్టేస్తూ ఆమె ఆయన వైపు చూడలేదు.

పని సగమే అయింది. తువ్వాలు మాటల్ని ఆపుతుంది కానీ బాస్‌ని ఆపదు. అది గోడల్లోంచి నడిచొస్తుంది. ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లి, గోడకున్న అలమరాలో ఒక స్టీలు మూత పెట్టి దాని మీద గ్లాసు బోర్లించింది. గ్లాసు మోగితే ఆ చోటు పనికిరాదు. తర్వాత మామయ్యతో చెప్పింది: "డబ్బాని మీరు ఒక్కో గుర్తు మీదికి జరపాలి. నేనూ అత్తయ్యా లోపల్నుంచి కొలుస్తాం. కరెక్టుగా ఉంటే అక్కడే ఉంచుదాం."

"నేనా? మోకాళ్ళు..."

"సౌండు బాగా రావాలంటే తప్పదు మామయ్యా."

టీవీ పక్క గుర్తు మీద పెట్టాడు. గ్లాసు గలగలమంది. వంటింటి గోడ దగ్గర పెట్టాడు. గ్లాసు మూత మీద గెంతింది. అత్తయ్య దాన్ని పట్టుకుని మేనకోడలి వైపు చూసింది.

ఇంజనీరమ్మ తలుపు తీయగానే "ఇక్కడ బ్రహ్మాండంగా ఉంది!" అని మామయ్య అరిచాడు.

ఆమె తల బయటపెట్టింది. "అస్సలు బాలేదు. బాత్రూమ్ మూలకి."

"అక్కడ నా బట్టలున్నాయమ్మా."

ఉన్నాయి. వారం నాటివి, చెప్పుల స్టాండు మీదుగా గుట్టగా.

"తియ్యాలి."

"మీ అత్తయ్యని పిలువు."

"అత్తయ్య కూర్చుని వింటోంది. కదిలితే కొలత తప్పుతుంది."

మామయ్య మొదటిసారి సొంత బట్టల గుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులా ఎత్తాడు. కింద తడిసి నల్లబడిన బనియను, దాని కింద ఒక కదలిక. పదో ఇరవయ్యో బొద్దింకలు ఆయన వేళ్ళ మీదుగా, మణికట్టు మీదుగా నలువైపులా పరుగెత్తాయి. ఆయన పెట్టిన కేక ఏ స్పీకరులోనూ అంత స్పష్టంగా రాదు. ఇంజనీరమ్మకి ఒళ్లంతా జలదరించింది. అయినా అక్కడే నిలబడి, డబ్బా మూలకి చేరేదాకా చూసి, తర్వాతే తలుపు మూసి తువ్వాలు తోసింది.

డబ్బా మోగుతోందని వేలు నేలకి ఆనిస్తే తెలుస్తోంది. గ్లాసు మాత్రం కదల్లేదు. అత్తయ్య పీట మీద, ఇంజనీరమ్మ గచ్చు మీద, ఇద్దరూ ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నారు. ఇంజనీరమ్మ గళ్ల కాగితం తీసి తలుపు వెనక, పీట ఉన్న చోట ఒక ఇంటూ గుర్తు పెట్టింది. దాని పక్కన ఏ స్పీకరూ గీయలేదు.

చాలాసేపటికి తలుపు కదిలింది. తువ్వాలు అడ్డుపడింది. మామయ్య భుజంతో నెట్టుకుని తల దూర్చాడు, చెమటలు కక్కుతూ, రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని.

"ఎంతసేపట్నుంచి అరుస్తున్నా! వినపడలేదా?"

"లేదు మామయ్యా. అక్కడే ఫిక్స్ చేసేద్దాం."

"సరే గానీ, ఒక టీ..."

"ముందు చేతులు కడుక్కోండి. ఇక్కడ కాదు, బాత్రూమ్‌లో."

ఆయన తన చేతులు చూసుకుని, మొహం చిట్లించి, వెనక్కి తిరిగాడు. అత్తయ్య లేవలేదు. కూర్చున్నచోటి నుంచే కాలు చాచి తలుపు మూసి, తువ్వాలుని మళ్లీ సందులోకి నెట్టింది.