సదానందం పేరు మీద

సదానందం బండికి స్టాండు వేసి, హెల్మెట్ తీయకుండానే ఫ్లెక్సీల దుకాణంలోకి తొంగి చూశాడు. పూలదండల కొట్టు, పటాకుల కొట్టు అప్పటికే చూసుకుని వచ్చాడు. ఆదిలాబాద్‌లో ఎవరికి టికెట్ వస్తుందో హైదరాబాద్ కంటే ముందు ఈ కొట్లకే తెలుస్తుందని అతని నమ్మకం. గెలుపు సంగతి తర్వాత, ఊరేగింపుకైతే ముందే పురమాయించాలి కదా.

"ఏం బాబు భాయ్, ఎవలిది కొడుతున్నవ్?"

"ఇద్దరిదీ," అన్నాడు దుకాణం యజమాని బాబు మియా, మిషను మీంచి చూపు తిప్పకుండానే. "సుదర్శన్‌రావుదీ, తారాబాయిదీ. టికెటొచ్చినోళ్లు చౌరస్తాల కడతరు, రానోళ్లు పత్తి మీద కప్పుకుంటరు. నాకేం ఫికర్?"

సదానందం నవ్వి, హెల్మెట్ తీసి పక్కన పెట్టి, చుట్టిపెట్టిన ఫ్లెక్సీ రోలు మీద కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి. మోచేతుల దగ్గర రంగు వెలిసిన చొక్కా, నుదుటి మీదికి ఎక్కిన కళ్లద్దాలు, సంచి మోసీ మోసీ ఒక పక్కకు వంగిన ఎడమ భుజం. పొద్దుటి నుంచి ఆ భుజాన్ని రుద్దుకుంటూనే ఉన్నాడు.

ఎన్ని పత్రికలు మారినా అతని వార్తల మీద ఉండేది 'మా ప్రతినిధి' అనే. పెళ్లైన కొత్తలో భార్య రోజారాణి పేపరంతా తిరగేసి "ఏడున్నది నీ పేరు?" అని అడిగేది. తర్వాత్తర్వాత అడగడం మానేసింది. ఇప్పుడతను రాస్తున్నది 'ఉత్తరగాలి' అనే వెబ్‌సైటుకు. అందులో రాష్ట్ర రాజకీయాలు తప్ప సినిమాలుండవు, రాశిఫలాలుండవు. కరీంనగర్‌లో ఒక గది, ఆ గదిలో ఎడిటర్ వనజ, జిల్లాకొక సదానందం. అంతే. అక్కడా అదే 'మా ప్రతినిధి'.

ఉప ఎన్నికకు పార్టీ అభ్యర్థిని ప్రకటించే రోజది. గోడకున్న టీవీలో 'సుదర్శన్‌రావుకే టికెట్' అనే అక్షరాలు పరుగెడుతున్నాయి.

"ఊళ్లె కుక్కపిల్ల బర్త్‌డేకు సుత ఫ్లెక్సీ కొట్టిన," అన్నాడు బాబు మియా. "నీ పేరొక్కటే కొట్టలే సదానందం సాబ్."

"నా వార్త మీదనే పడలే, నీ ఫ్లెక్సీ మీద ఏం పడ్తది!"

అంతలో బాబు మియాకు ఫోనొచ్చింది. "హా... హా... అచ్ఛా" అంటూ విని, కంప్యూటర్‌లో సుదర్శన్‌రావు ఫ్లెక్సీ తెరిచాడు. పై వరుసలో ఉన్న నాయకుల బొమ్మల్ని ఒక్కొక్కటే తీసేయసాగాడు.

సదానందం కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. "గదేంది? పెద్దసారు బొమ్మ తీస్తున్నవ్?"

"తియ్యమన్నరు. జెండా సుత వద్దంట. పైన బోసిగుంటదంటే, ఉండనీ అన్నరు."

సదానందం లేచి నిలబడ్డాడు. గుండె దడదడ కొట్టుకుంది. పై వరుసలో ఒక బొమ్మ చిన్నదైతేనే కొట్లాటలయ్యే ఊరిది. అలాంటిది, అధినేత బొమ్మే పీకేశారంటే ఆ మనిషికి ఇక పార్టీతో పనిలేదన్నమాట! నేరుగా సుదర్శన్‌రావుకే ఫోన్ కలిపాడు.

"సార్, మీ ఫ్లెక్సీల పెద్దసారు లేడేంది?"

అవతల పొడి నవ్వు. "బాబు మియా కడుపుల మాట దాగది కదా! మొండిచెయ్యి చూపెట్టిండ్రయ్యా. తారాబాయికిచ్చిండ్రు. నేను ఇండిపెండెంట్‌గ నిలబడుతున్న. రాసుకో."

సదానందం నిలబడే వార్త టైపు చేసి పంపాడు. వెంటనే వనజ ఫోన్ చేసింది.

"అన్నా, అన్ని చానళ్లు రావు సాబ్‌కే అంటున్నయ్. తప్పైతే రేపట్నుంచి మనల్ని చదివేటోడుండడు. రావు సాబ్ మాట మారిస్తే? ఎవలి మాట మీద వేద్దాం?"

అతను టీవీ వైపు చూశాడు. అక్షరాలు ఇంకా అలాగే పరుగెడుతున్నాయి.

"నా పేరు మీద వెయ్యి చెల్లె."

"తప్పైతే నీ పేరు పోతది అన్నా."

"ఉంటే గదా పోయేటందుకు!"

బాబు మియా తెప్పించిన చాయ్ చల్లారేలోపు వార్త వచ్చేసింది. శీర్షిక కింద 'సదానందం, ఆదిలాబాద్' అని ఉంది. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. రోజారాణికి పంపాడు. వార్త కింద అప్పుడే ఎవడో రాశాడు: 'ఎవడీ సదానందం? పొద్దుగాలనే కల్లు తాగిండా?'

"తాగలే బిడ్డా, చాయే!" అని ఫోనుకు జవాబు చెప్పి పకపకా నవ్వాడు. నవ్వుతూనే రోలు మీద కూలబడి గోడకు ఆనుకున్నాడు.

"ఆగు, నీ పేరు పెద్దగుంటే ఎట్లుంటదో జర చూద్దాం," అంటూ బాబు మియా మిగిలిపోయిన ఫ్లెక్సీ అంచును మిషనుకు ఎక్కించాడు. మిషను గరగరమంటూ కదిలింది.

టీవీలో ఒక చానల్ స్క్రోలింగ్ ఆపేసింది. బాబు మియా మార్చి చూస్తే ఇంకో చానల్‌లో తారాబాయి ఫొటో. బయట చౌరస్తాలో పటాకులు పేలాయి, డప్పులు అందుకున్నాయి.

"వచ్చింది సాబ్!" బాబు మియా తొడ చరిచాడు. "అందరు నీ ఎనుకనే! లెవ్వు, ఇరానీ చాయ్ తాపిస్త!"

సదానందం లేవలేదు. పెదాల మీద నవ్వు అలాగే ఉంది. బాబు మియా వచ్చి భుజం తట్టాడు. సంచి ఇంకా మోస్తున్నట్టే ఆ తల ఎడమ పక్కకు ఒరిగింది. బాబు మియా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సదానందం పిడికిట్లోని ఫోన్ వెలిగింది. రోజారాణి. మోగి మోగి ఆగిపోయింది.

మిషను మాత్రం ఆగలేదు. తడి ఆరని అక్షరాలతో సన్నటి ఫ్లెక్సీ ముక్క ఒకటి కొద్దికొద్దిగా నేల మీదికి దిగుతోంది: సదానందం, ఆదిలాబాద్.