ఏ దేశానివీ కాని నీళ్ళు

జూన్ ఇరవై నాలుగున కరీంనగర్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో, సభకు వచ్చినవాళ్ళకు బగారన్నం, పప్పుచారు, ఐసు పెట్టెల్లో తెప్పించిన సముద్రపు చేప వేపుడు పెట్టారు. శ్యాంసుందర్‌కు ఆ తారీఖు గుర్తుండిపోయింది లింగవ్వ వల్లనే. ఆమె చేపను వేలితో కూడా ముట్టలేదు.

"ముండ్లు తక్కువనే అక్కా, తిను," అన్నాడు వడ్డించే మనిషి.

"సముద్రంలది నేను తిన."

అతడు మరేమీ అడగలేదు. చేప ముక్కను తీసేసి, ఆమె పళ్ళెంలో ఇంకో గరిటె పప్పుచారు పోసి పోయాడు. ఆ రోజు ఆమెకు దక్కిన మర్యాద అంతే.

లింగవ్వ మానేరు డ్యాం చేపలు అమ్ముతుంది. ఆమె మొగుడు రాయమల్లు గల్ఫ్‌కు పోయి, నడిసముద్రంలో వేటాడే పెద్ద పడవ మీద పనికి కుదిరాడు. రెండేళ్ళ కింద ఆ పడవ మీదే జ్వరంతో పోయాడు. శవాన్ని నీళ్ళలోనే వదిలారు. ఎక్కడని అడిగితే, అవి ఏ దేశం నీళ్ళూ కావని చెప్పి కంపెనీవాళ్ళు ఫోన్ పెట్టేశారు. మనిషిని సాగనంపిన చోట అన్నం పెట్టి పిట్ట ముట్టేదాకా చూడాలి కదా, జాగే తెలియకుండా పిట్టకు ఎక్కడ పెడతామని కులపెద్దలు కర్మ ఆపేశారు. కర్మ కాలేదు గనక ఆమె చేతుల గాజులు చేతులకే ఉన్నాయి. గాజులున్నా బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు లేరు.

శ్యాంసుందర్ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయిన తర్వాత తొలిసారి ఆయన చేపల కోసం వచ్చినప్పుడు, ఎంత కావాలని అడగకుండానే ఒక్క మనిషికి సరిపోయేంత కోసి ఇచ్చింది లింగవ్వ. ఆయన అది మరిచిపోలేదు. ఏ దేశానికీ చెందని సముద్రంలోని జీవులను కాపాడటానికి దేశాలన్నీ మాట్లాడుకుంటున్నాయనీ, అక్కడికి జనం అభిప్రాయాలు కూడా పంపుతారనీ, సముద్రం లేని జిల్లాల వాళ్ళనూ అడుగుతున్నారనీ ఒక సంస్థ వాళ్ళు చెప్పి, సభకు ఆయన్ని పిలిచారు. ఆ సంగతి ఆయన లింగవ్వ చేపల గంప దగ్గర ఎత్తాడు.

"గా నీళ్ళ గురించేనా సారు?"

"గా నీళ్ళ గురించే."

"అయితే గా జాగ వాళ్ళకు ఎరుకుంటది."

ఉండకపోవచ్చు. కానీ అడిగితే పోయేదేముందని ఆయనకూ అనిపించింది.

సభ నాటికి చేపలు గుడ్లు పెట్టే కాలమని డ్యాంలో వేట ఆపేశారు. చేపలు పట్టేవాళ్ళ సంఘమంతా ఖాళీగా ఉండి సభకు వచ్చారు. చేపల మీద సభ అంటే, సర్కారు చెరువుల్లో పోసే చేపపిల్లల గురించే అనుకున్నారు. సంఘం పెద్ద రామచంద్రం మైకు అందుకుని వదల్లేదు.

"సగం పిల్లలు సచ్చినయే తెచ్చి పోస్తున్నరు. గది రాసుకోన్రి ముందుగాల."

"ఇది సముద్రం గురించండీ," అంది సంస్థ అమ్మాయి దీపిక.

"సముద్రమైతే మమ్ములెందుకు పిలిచిన్రు బిడ్డా? ఈత పోటీలకు తోలుతరా?"

హాలంతా నవ్వింది. ఆ నవ్వులు సద్దుమణిగాక లింగవ్వ లేచింది. మైకు పట్టుకోవడం తెలియక రెండు చేతులా పట్టుకుంది.

"నా మొగన్ని ఏడ ఇడిసిన్రో గా పడవోళ్ళను అడుగున్రి. దేశాలన్ని కూసున్నప్పుడు, జర గంత ఒక్క మాట. ఇంకేం వద్దు నాకు."

దీపిక శ్యాంసుందర్ వైపు చూసింది. "చాలా బాధగా ఉంది సర్. కానీ ఇది చేపలు, తాబేళ్ళు, పగడాలు, వీటి వరకే. మనుషుల సంగతి దీని కిందికి రాదు."

"అయినా రాయమ్మా," అన్నాడాయన.

"రాస్తాను సర్." ఆ అమ్మాయి నిజంగానే రాసుకుంది. ఆయన చూశాడు.

వర్షాలు పట్టిన తర్వాత నివేదిక అచ్చయి వచ్చింది. శ్యాంసుందర్ సాయంత్రం దాన్ని తీసుకుని లింగవ్వ ఇంటికి పోయాడు. మైకు పట్టుకున్న ఆమె ఫోటో ఉంది. కింద ఉన్న వాక్యం చదివి వినిపించాడు. సముద్ర జీవుల భవిష్యత్తు పట్ల స్థానిక మత్స్యకార మహిళలు ఆందోళన వ్యక్తం చేశారు.

"గిది నేనన్ననా సారు?"

"అనలేదు."

"మరి ఎవలన్నరు?"

ఆయన కాగితం మడిచాడు.

"ఫోటుల మంచిగనే వడ్డ," అంది లింగవ్వ. "మీరు సదువుకున్నోళ్ళు. సముద్రం గీడికెళ్ళి ఎటు దిక్కు?" అని అడిగింది.

మూడు దిక్కులా ఉందని చెప్పబోయి ఆగాడు. గల్ఫ్‌ను మనసులో పెట్టుకుని పడమరకు చెయ్యి చూపించాడు. "అటే అనుకుంటున్న."

ఆమె లోపలికి పోయి విస్తరాకులో అన్నం, కూర పెట్టుకొచ్చి పడమటి గోడ మీద ఉంచింది.

"పొద్దుగూకింది లింగవ్వా. పిట్టలు రావు. రేపు పొద్దున పెట్టరాదు?"

"రెండేండ్లు ఆగిన సారు."

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. కాకులు ఎప్పుడో గూళ్ళకు చేరాయి. అన్నం మీదికి చీమలు ఎక్కడం కనిపించినంత వరకు కనిపించింది, తర్వాత గోడ కూడా మసకయింది. లింగవ్వ లేచి విస్తరి తీసి, అన్నాన్ని గోడ అవతలి కుక్క ముందు పెట్టింది. చేతులు కడుక్కుంది.

"తొవ్వల బురదుంది, పైలంగ పోన్రి," అంది.

శ్యాంసుందర్ చెప్పులు వేసుకునేదాకా గడపలో నిలబడి, ఆయన వీధిలోకి దిగాక చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.