వేలి కింద తీగ

డాన్సు టీచరు వచ్చే వేళ దగ్గరపడుతున్న కొద్దీ అక్కకు కాలు నిలవడం లేదు. టీచరు బృందం మొత్తానికి దుస్తుల మీద ఎంబ్రాయిడరీ చేసే పని తనకే ఇస్తుందని ఆశ. దొరికితే అక్క ఇరుకు కుట్టు కొట్టు పేరు నలుగురి నోళ్లలో నానుతుంది. టీచరు పెట్టిన షరతు ఒక్కటే: పువ్వులూ తీగలూ తన వేలితో తనే గీసుకోవాలి.

అందుకోసం చెల్లెలు, దుస్తుల బొమ్మ మీద గీసుకునేలా ఒక వెబ్ పేజీ తయారుచేసింది. ఇంట్లో కంప్యూటరు మీద మౌసుతో గీసి చూసుకుని మురిసిపోయింది. కొట్టులో ట్యాబ్లెట్ మీద అక్క వేలు పెట్టేసరికి అసలు రంగు బయటపడింది. ఒక్కసారి తాకితే రెండు పువ్వులు, ఒకదాని మీద ఒకటి వంకరగా ఎక్కి కూర్చున్నాయి.

ఇస్త్రీ చేస్తున్న బావ తొంగిచూశాడు. "ఒక దెబ్బకు రెండు పిట్టలంటే ఇదేనన్నమాట, మరదలా!"

"నవ్వకు బావా. పేజీలో మౌసుకో కాపలావాణ్ణి, వేలికో కాపలావాణ్ణి పెట్టాను. వేలు తాకగానే వేలివాడు పువ్వు వేశాడు. ఆ వెనకే మౌసు కూడా నొక్కారని బ్రౌజరు కబురు పంపింది. రెండోవాడూ వేశాడు."

"ఒకణ్ణి ఇంటికి పంపెయ్."

"ఎవర్ని పంపినా ఒక పని ఆగిపోతుంది. ఇద్దర్నీ పంపేస్తా. వేలొచ్చినా, పెన్నొచ్చినా, మౌసొచ్చినా ఒకేలా చూసుకునేవాడు ఒకడున్నాడు, పాయింటరని. వాడే చాలు."

మార్చింది. పువ్వు ఒక్కటే పూసింది. అక్క హుషారుగా తీగను పైకి లాగింది. తీగ బెత్తెడైనా సాగకుండానే తెగింది, పేజీ మాత్రం జర్రున పైకి జారిపోయింది.

"వేలు కదిలితే బ్రౌజరు పేజీ జరపమన్నారనుకుంటోంది," అని చెల్లెలు ఆదరాబాదరాగా పేజీ మొత్తాన్నీ జరగకుండా కట్టేసింది. తీగ చక్కగా సాగింది. కానీ రంగులూ, గీసింది దాచుకునే బటనూ పేజీ అడుగున ఉండిపోయాయి. ఎంత తోసినా పేజీ కదల్లేదు.

"కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది కదే!" అంది అక్క.

బయట స్కూటరు ఆగిన చప్పుడు. "మీరు కానివ్వండి, నేను ఆవిణ్ణి కబుర్లలో పెడతా," అంటూ బావ గడప దాటాడు. వీధిలోంచి అతని గొంతు వినిపిస్తోంది: "ఎండలు చూశారా మేడం? ఇస్త్రీపెట్టె దండగ!"

చెల్లెలు తల పట్టుకుంది. అక్క కంగారుగా ఒళ్లోని కుట్టు చట్రాన్ని పక్కకు నెట్టబోయింది. చట్రంలో గుడ్డ డప్పులా బిగిసి ఉంది. చట్రం బయటి గుడ్డ ఎటంటే అటు ఊగుతోంది.

"అక్కా, కదపకు! అంతే!"

పేజీలో దుస్తుల బొమ్మ ఉన్నంత మేరా జరపడం బంద్. దాని బయట ఎక్కడ తోసినా పేజీ జరగాల్సిందే. కోడులో ఒక్క వరుస మార్చింది. అంతలో టీచరు, వెనకే బావ లోపలికొచ్చారు.

టీచరు వేలు పెట్టింది. తీగ నడుము దగ్గర మొదలై, మలుపు తిరిగి, అంచు దాకా పాకింది. పక్కన ఖాళీలో తోస్తే పేజీ బుద్ధిగా జరిగి రంగులు చూపించింది.

"మేడం, తీగ మోకాలు దాటింది," అన్నాడు బావ.

"దాటనివ్వండి! మా పిల్లలు గిర్రున తిరిగితే తీగ కూడా తిరగాలి. పని మీదేనమ్మా. ఎప్పుడు మొదలుపెడతారు?"

"మీరు వేలు తీశాక!" అంది అక్క, పట్టలేక నవ్వేస్తూ.

టీచరు మాత్రం ఇంకో పువ్వు వేసింది.