ఇంకో చుట్టు

నాలుగుంపావుకి కాలికి తడి తగిలింది. వంగి చూస్తే బల్ల కింద గులాబీ రంగు నీళ్లు.

ఆ నీళ్లు నా కంప్యూటర్‌వి. మెషిన్ వేడెక్కకుండా లోపల సన్నటి గొట్టాల్లో తిరుగుతుంటాయి. సరిగ్గా ఆ గంటలోనే నా సినిమా చివరి షాట్ తయారవుతోంది. ఎనిమిది నిమిషాల బొమ్మల సినిమా, ఒక ముసలి ప్లంబరు కథ. నాలుగేళ్లు గీశాను. ఎవరిని చూసి గీశానో ఇంట్లో చెప్పలేదు. పోటీకి పంపడానికి గడువు ఐదింటివరకే. షాట్ పూర్తవడానికి ఇంకా ముప్ఫై అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు.

"మామయ్యా, తువ్వాళ్లు పట్రండి!" అని కేకేశాను.

మామయ్య నలభై ఏళ్లు ప్లంబరు పని చేసి మానేశారు గానీ, మా ఇంటిని మాత్రం వదల్లేదు. కనిపించిన ప్రతి మరనీ ఇంకో చుట్టు బిగిస్తే తప్ప ఆయనకి నిద్ర పట్టదు. మా ఇంట్లో సీసా మూత తీయాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఈ మెషిన్‌ని బిగించిన మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"నువ్వు చేసిన ఏ పని సరిగ్గా ఏడిసింది? కారిపోతోంది!"

"ముందు కరెంటు ఆపెయ్."

"చచ్చినా ఆపను."

"అయితే నీళ్లు తగ్గనివ్వకు. పంపు గాలి పీలిస్తే మెషిన్ వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది. అలమారలో డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఉంది, అదే పైనున్న చిన్న ట్యాంకులో పొయ్యి."

మెషిన్ పక్క తలుపు ఊడదీశాను. రెండు గొట్టాలు కలిసే చోట, ప్లాస్టిక్ మర మీద వెంట్రుకంత పగులు. అక్కడ ఊరిన చుక్క గ్రాఫిక్స్ కార్డు వైపే జారుతోంది. ఒక్క చుక్క లోపలికి దిగితే అంతే సంగతులు. కార్డు మీద మామయ్య తెచ్చిన తువ్వాలు కప్పాను. అప్పుడు కనిపించాయి, పగులు పక్కన పానా పళ్ల గాట్లు. మా ఆయన ఆ మరల్ని చేత్తోనే బిగిస్తాడు. పానా తాకించడు.

వెనక్కి తిరిగాను. మామయ్య నా వైపు చూడలేదు. గబగబా వెళ్లి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చారు.

"నువ్వు పక్కకి జరుగమ్మా."

రబ్బరుని సాగదీసి పగులు చుట్టూ చుట్టి, పైన బొటనవేలితో నొక్కి పట్టారు. చుక్క ఆగింది.

"వదిలితే మళ్లీ కారుతుంది. నేనిలాగే ఉంటాను. నువ్వు నీళ్లు చూసుకో."

ఆయన మోకాళ్ల మీద, నేను డబ్బాతో. తెర మీద వేడి ఎనభై ఒకటి, ఎనభై నాలుగు. కొద్దికొద్దిగా పోశాను. ఎనభై దగ్గరికి దిగింది. ఇంకా పన్నెండు నిమిషాలు.

"నేనే సరిగ్గా చూసుకోలేదేమో," అంది ఫోన్‌లో మా ఆయన గొంతు.

"నీ తప్పేం లేదురా," అన్నారు మామయ్య. "పొద్దున దుమ్ము తుడుస్తుంటే అక్కడ కాస్త చెమ్మ కనబడింది. చెయ్యి ఊరుకోలేదు. ఒక్క చుట్టు తిప్పాను."

నోటిదాకా చాలా వచ్చింది.

"నాలుగేళ్లు, మామయ్యా," అన్నాను.

ఆయన తల దించుకున్నారు. వేలు మాత్రం తీయలేదు. గోరు తెల్లబడిపోయింది.

నాలుగూ యాభైకి షాట్ పూర్తయింది. యాభై ఎనిమిదికి సినిమా వెళ్లిపోయింది. అందిందని జవాబు వచ్చాక కుర్చీలో కూలబడి ఏడ్చేశాను.

తెర మీద ఆ చివరి షాట్ దానంతటదే ఆడటం మొదలుపెట్టింది. చెవి మీద పెన్సిలు, ఒక పక్కకి వంగిన భుజం, చేతిలో పానా. ముసలాయన కుళాయి బిగిస్తున్నాడు. మామయ్య రెప్ప వెయ్యకుండా చూశారు. తన చెవి మీది పెన్సిలుని రెండో చేత్తో ఒకసారి తడుముకున్నారు. వేలు ఇంకా గొట్టం మీదే ఉంది.

"ఇంక చాలని చెప్పమ్మా ఆయనకి," అన్నారు. "ఇంకో చుట్టు తిప్పితే పగిలిపోతుంది."