జానెడు అతుకు

పార్కులో ఇనుప రేకులతో నిలబెట్టిన ఆ శిల్పం లోపలికి నడిచి వెళ్లవచ్చు. పోయినవాళ్లను తలుచుకుంటూ కాసేపు కూర్చోవడానికట. బయట పలక మీది రాతను కూడబలుక్కుని చదివాను. శిల్పి పేరు ఉంది. రేకులు అతికిన వెల్డర్ పేరు లేదు. ఆ వెల్డర్ మా ఆయన. పని ముగిసే వారంలో అక్కడే పరంజా మీదినుంచి పడి చనిపోయాడు. అప్పటికి నాకు ఐదో నెల.

ఊరందరికీ గేట్లు చేసిన మనిషి మా అద్దె గదికి ఒక్క మేకైనా కొట్టలేదు. పాపకు చూపించడానికి ఇంట్లో ఆయన చేతి పని ఏదీ లేదు. అందుకే దానికి ఏడాది దాటగానే మరిదిని తోడు తీసుకుని వెళ్లాను. ఆయన అతుకు చేప పొలుసుల్లా వరుసగా ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను. లోపల గోడలు తడిమితే అంతా నున్నగా ఉంది.

"నువ్వేనా అరగదీసింది?" అన్నాను. మరిది పని అదే, గ్రైండింగ్.

"అతుకు కనబడకూడదన్నారు వదినా. నేను కాకపోతే ఇంకోడు చేసేవాడు."

"ఆ ఇంకోడినే చెయ్యనివ్వకపోయావా?"

చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "బెంచీ కింద జానెడు వదిలేశాను. ఎవరికీ చెప్పకు."

మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. ఉన్నాయి, పొలుసులు. పాప వేలు పట్టుకుని వాటి మీద ఆనించాను. "నాన్న" అన్నాను. దానికి నచ్చింది. నవ్వుతూ అటూ ఇటూ రాసింది. వేలి కొసన రక్తం చుక్క మెరిసింది.

ఆయన పోయినప్పటినుంచి పాప తుమ్మినా నా గుండె ఆగుతుంది. గట్టిగా అరిచాను. సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"ఎక్కడ గీసుకుందమ్మా?"

ఆయన వెనక నిలబడి మరిది వద్దని తల ఊపుతున్నాడు. చూశాను. చూసి కూడా బెంచీ కిందికి వేలు చూపించాను.

సెక్యూరిటీ ఆయన వంగి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. "చెప్పి మంచి పని చేశావు. పిల్లలు తిరిగే చోటు."

మర్నాడు పొద్దున మరిది గ్రైండర్ సంచి భుజాన వేసుకుని మా గుమ్మం ముందు ఆగాడు.

"అది అరగదీయడానికి నన్నే పొమ్మంటున్నారు వదినా. నువ్వు వద్దంటే మానేస్తా."

పాప చేయి తిప్పి చూశాను. ఏ వేలికి తగిలిందో కూడా తెలియలేదు.

"నువ్వు కాకపోతే ఇంకోడు చేస్తాడు," అన్నాను.